భయం రాసిన చీటీలు

పరీక్ష రాసిన పిల్లలు ఆ సాయంత్రమే పుస్తకాలు మూలన పడేసి ఆటలకు పోతారు. డాక్టర్లకు ఆ పాటి తెలివి ఉండదు. ఇంటికి రాగానే పుస్తకాలు ముందేసుకుని, గుర్తున్న ప్రశ్నలన్నిటికీ జవాబులు వెతికి, ఎన్ని తప్పులు రాశారో లెక్కపెట్టుకుంటారు. తప్పు రాసినవే గుర్తుంటాయి గానీ సరిగ్గా రాసినవి ఎవరికి గుర్తుంటాయి? యాభై తొమ్మిదేళ్ల డాక్టర్ లోర్నా హాగెన్ కూడా అదే పని చేసింది. ఇరవై మూడు తప్పులు తేలాయి. పేపర్లో మార్కుల లెక్కకు రాని ప్రశ్నలు కొన్ని కలిపి ఉంటారనీ, అవేవో ఎవరికీ చెప్పరనీ ఆమెకు తెలుసు. అయినా తన ఇరవై మూడింటిలో అలాంటిది ఒక్కటి కూడా ఉండదని ఆమెకు గట్టి నమ్మకం.

అక్కడి డాక్టర్లకు పదేళ్లకోసారి ఈ పరీక్ష తప్పదు. ఫెయిలైతే వైద్యం చేసుకోవచ్చు గానీ, ఊళ్లోని పన్నెండు మంచాల ఆసుపత్రిలో రోగులను చేర్చుకునే హక్కు డిసెంబరుతో పోతుంది. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, గోధుమ పొలాల మధ్య ఉన్న ఆ ఊరికి ఆమె తప్ప వేరే డాక్టరు లేదు. పెద్దాసుపత్రికి పోవాలంటే బిల్లింగ్స్ దాకా నూట పది మైళ్లు బండి నడపాలి. మంచు పడితే ఆ దారి కూడా ఉండదు.

ఫలితాలు ఆరు వారాలకు వస్తాయన్నారు. నడిస్తే మనసు కుదుటపడుతుందని భర్త కార్ల్ చెబితే నడిచింది. నడకలో ఇరవై నాలుగో తప్పు గుర్తొచ్చింది. కంగారు పడే రోగులకు ఇన్నేళ్లుగా తను నేర్పుతున్న ఊపిరి పద్ధతి తానే చేసి చూసుకుంది. ఇది ఇంత పనికిమాలినదని ఒక్కరూ నాతో అనలేదే, ఎంత మంచివాళ్లు, అనుకుంది.

ఇంట్లో కంగారు పడితే పడింది, ఆసుపత్రిలో మాత్రం మామూలుగానే ఉన్నానని ఆమె అనుకుంటోంది. ఇరవై రెండేళ్లుగా ఆమె దగ్గర నర్సుగా ఉన్న డెల్లా అలా అనుకోలేదు. మోకాలి నొప్పి వచ్చినా, దగ్గు వచ్చినా డాక్టరమ్మ బిల్లింగ్స్‌కి పొమ్మని చీటీ రాసేస్తోంది. ఇదేంటని అడగబోయి రెండుసార్లు నోటిదాకా వచ్చినా డెల్లా మింగేసింది.

ఐదో వారం ఆస్కర్ నైగార్డ్ వచ్చాడు. డెబ్బై తొమ్మిదేళ్ల రైతు. భార్య పోయి నాలుగు నెలలైంది. కుర్చీలోంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయన్నాడు. లోర్నా కంప్యూటర్ వైపు చూస్తూనే విని, తలకు స్కాను, గుండె డాక్టరు, నరాల డాక్టరు అంటూ మూడు చీటీలు రాసి చేతిలో పెట్టింది. ఆయన వాటిని చదవలేదు. మడిచి బల్ల మీదే పెట్టేశాడు.

"నేను పోను," అన్నాడు.

"ఏదైనా పెద్దదే అయితే?"

"అయితే కానీ. నువ్వు నన్ను ముట్టుకోను కూడా లేదు డాక్టరమ్మా. ఎప్పుడొచ్చినా పడుకోబెట్టి ఓసారి, నిలబెట్టి ఓసారి బీపీ చూసేదానివి. ఈసారి చూసిందేదీ? అక్కడ నా పేరు కూడా ఎవరికీ తెలీదు. నీకు చేతకాదంటే ఆ ముక్క చెప్పు, ఇంటికి పోతా."

లోర్నాకు ఒళ్లు మండింది. మరుక్షణం సిగ్గేసింది. లేచి ఆయన్ను పడుకోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి చూసింది. లేచేసరికి బాగా పడిపోయింది. తూకం వేస్తే పద్నాలుగు పౌన్లు తగ్గాడు. నిన్న ఏం తిన్నారని అడిగింది. డబ్బా సూపు, నాలుగు బిస్కెట్లు అన్నాడు. మొన్నా అదేనట. భార్య ఉన్నప్పటి ఒంటికి ఇచ్చిన బీపీ మాత్రలు ఈ ఒంటికి ఎక్కువైపోయాయి. మాత్ర సగం చేసి, గుండెకు ఈసీజీ కూడా తీసి చూసి, వారం తిరక్కుండా మళ్లీ రమ్మంది. మధ్యాహ్నాలు చర్చి భోజనశాలలో తినేలా మాట పుచ్చుకుంది.

ఆయన వెళ్లాక డెల్లాను పిలిచి, ఈ ఐదు వారాల్లో బిల్లింగ్స్‌కి రాసి ఇంకా వెళ్లని వాళ్ల ఫైళ్లు తెమ్మంది. పద్నాలుగు తేలాయి. ఇద్దరూ ఒక్కొక్కటే చదివారు. ఐదుగురు నిజంగా పోవలసిన వాళ్లే. తొమ్మిది మందిని మొదట తనే చూడవలసింది. పనిమానుకుని, పెట్రోలు పోసుకుని, జబ్బేదో ముదిరిందని హడలిపోతూ తొమ్మిది మంది ప్రయాణానికి సిద్ధమవుతున్నారు. లోర్నా తల పట్టుకుంది. పరీక్షలో ఏం తప్పు రాసిందో గానీ ఇది మాత్రం తప్పేనని ఆమెకు తెలిసిపోయింది.

వెంటనే ఫోన్లు మొదలుపెట్టింది. ముందు నేనే ఇంకోసారి చూస్తాను, రండి అని నలుగురికి చెప్పింది. ఎందుకో చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. నాలుగో ఫోన్ పెట్టేస్తుండగా కంప్యూటర్లో ఉత్తరం వచ్చి పడింది. పరీక్షల వాళ్లది. వారం ముందే పంపేశారు.

"ఫెయిలైతే?" అంది లోర్నా.

"మళ్లీ రాస్తారు. రేపు తొమ్మిదింటికి రమ్మన్న మనిషికి మాత్రం మీరు ఇక్కడే ఉండాలి," అంది డెల్లా.

లోర్నా కుర్చీ పక్కకు జరుపుకుంటే డెల్లానే మీట నొక్కింది. పాస్. బొటాబొటీగా కూడా కాదు, బాగానే పాసైంది. లోర్నా బల్ల మీద తల వాల్చి చిన్నపిల్లలా ఏడ్చింది. డెల్లా వీపు నిమురుతూ, ఆ తొమ్మిది మందిలో మిగిలిన ఐదుగురికీ తను ఫోన్ చేస్తానంది. తేదీలు మారాయని చెబితే సరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు అంది.

నిజమే, ఇక ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. లోర్నా ముక్కు తుడుచుకుని ఫోన్ తనే అందుకుంది. అవతల స్కూలు బస్సు నడిపే జోనీ పలికింది.

"జోనీ, నేను లోర్నాను. మిమ్మల్ని బిల్లింగ్స్ పొమ్మన్నది మీ జబ్బు చూసి కాదు. పరీక్ష రాసి భయపడి ఉన్నాను, ఆ భయంతో రాసిన చీటీ అది. రేపు రండి, సరిగ్గా చూస్తాను."



"మరి ఇప్పుడు ఎలా ఉంది డాక్టర్ గారూ? మీకు తగ్గిందా?" అంది జోనీ.