గెంతుల మేష్టారి ఇల్లు

విశ్వం సాగి సాగి, ఒకనాటికి ఆగి, ముడుచుకుని, మళ్ళీ గెంతుతుందని పాఠం చెప్పే మేష్టారిని కాలేజీ పిల్లలు గెంతుల మేష్టారనేవాళ్ళు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. విశ్వాన్ని సాగదీస్తున్న డార్క్ ఎనర్జీ ఎప్పటికైనా నీరసపడుతుందనీ, అప్పుడు దూరమైనవన్నీ వాటంతటవే వెనక్కొస్తాయనీ ఆయన లెక్క.

అలాంటి మనిషి ఇంట్లోనే చోటు సాగడం మొదలైంది. ముందు కనిపెట్టింది ఆయన భార్య. వంటింట్లోంచి ఆయన గదికి తెచ్చేసరికి కాఫీ చల్లారిపోతోంది. కాఫీ కోసం తానే లేచి వెళ్ళే అలవాటు ఆ మహానుభావుడికి ఎన్నడూ లేదు మరి. చెబితే చెవిన పెట్టలేదు. నడవాలో కొత్త కిటికీలు పుట్టుకొచ్చాయి. ఆవిడ ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాక గానీ ఆయనకు సంగతి తలకెక్కలేదు. ఎక్కగానే ఎగిరి గంతేశారు. సొంత ఇంట్లో డార్క్ ఎనర్జీ! ఇంకెవరికి దక్కుతుందండీ ఇంతటి అదృష్టం?

ఆవిడ వాళ్ళమ్మను పిలిపించుకుంది. నడవాను ఎగాదిగా చూసి, అల్లుడికో సైకిలు కొనిపెట్టమంది ఆ పెద్దావిడ. మేష్టారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. కంగారెందుకు, వంటిల్లే తిరిగొస్తుందన్నారు. అది రాలేదు సరికదా, అరిస్తే వినపడే దూరం కూడా దాటిపోయింది. భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉండి ఫోన్లో మాట్లాడుకోవాల్సొచ్చింది. ఆవిడ గొంతు రోజురోజుకీ సన్నబడుతుంటే, మొదటిసారి మేష్టారికి భయం వేసింది. రేపు ఆ గొంతు కూడా అందకపోతే?

"ఒక్కటి చెప్పండి," అంది ఆవిడ ఆ రోజు. "అమ్మా నేనూ ఇక్కడ పక్కపక్కనే కూర్చున్నాం. మా మధ్య చోటు కొంచెం కూడా పెరగలేదు. ఎందుకని?"

మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠమే. మేష్టారు హుషారుగా అందుకున్నారు.

"ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నవాటి మధ్య చోటు సాగదే. ఆ పట్టు లేని చోటే..."

అంటుండగానే అది తమ ఇంటి సంగతేనని ఆయనకు తట్టింది. అవతల ఆవిడ, సరే, అర్థమైందని మాత్రం అంది.

మేష్టారు లేచి, ఫోను చెవికి నొక్కి పట్టుకుని, నడవాలో పరుగు లంకించుకున్నారు. వంటిల్లు ఎక్కడో చివర మినుకుమంటోంది. అది ఇంకా జరుగుతూనే ఉంది. రొప్పుతూ, రోజుతూ ఒకటే మాట అంటున్నారు.

"పెట్టెయ్యకు. వస్తున్నా. పెట్టెయ్యకు."

"మెల్లిగా రండి, పడతారు," అంది ఆవిడ, ఏడుపు ఆపుకుంటూ.