మూడు స్టార్లు, ఐదు ఇటుకలు

మా రిసార్టుకి స్టార్ ఇవ్వాలా వద్దా అని చూడటానికి కమిటీ వస్తుందని తెలిసినప్పటి నుంచి మేనేజర్ ఇసక్కిరాజా చేతిలో ఒక కాగితాల కట్ట వేలాడుతూనే ఉంది. గదిలో నిలువుటద్దం ఉందా, మంచం పక్కన స్విచ్ ఉందా, బాత్రూంలో వేణ్ణీళ్ళు వస్తాయా అని అందులో నూట ఇరవై పైచిలుకు వరసలు. ఒక్కటీ వదలకుండా చదివించుకుని విన్నాను. మా దగ్గరికి జనం వచ్చేది నీటి జారుడుబల్లల కోసం, అలల కొలను కోసం. వాటి గురించి ఒక్క ముక్క లేదు. పిల్లవాడు మునిగితే దూకే మనిషి ఉన్నాడా అని అడిగినవాడు లేడు గానీ, నిలువుటద్దం మాత్రం తప్పకుండా కావాలట.

నా పేరు కాళీశ్వరి. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు వెళ్ళే దారిలో ఉన్న ఈ నీళ్ళ పార్కు రిసార్టులో గదులు ఊడ్చి తుడిచే పదకొండు మంది ఆడవాళ్ళకి నేను మేస్త్రీని. అందరం ఏళాయిరంపన్నై చుట్టుపక్కల బాణసంచా షెడ్లలో చేసి వచ్చినవాళ్ళమే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే.

యజమాని వెంకటసుబ్రమణియన్ గారు మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒకటే మాట చెప్పారు.

"స్టారు ఉంటేనే విరుదునగర్ కంపెనీవాళ్ళు, పెళ్ళిళ్ళవాళ్ళు వస్తారు. మూడు స్టార్లు వచ్చెనా, మీరు ఉంటారు. రాలేదా, మీ పని మదురై ఏజెన్సీకి ఇచ్చేసేదే. ఇంగ మీ ఇష్టం."

మా ఇష్టమట! స్టార్లు మా కొంగున కట్టుకుని తిరుగుతున్నట్టు. ఒళ్ళు మండింది. కానీ మళ్ళీ ఆ షెడ్లకి పోవడం మాలో ఎవరికీ ఇష్టం లేదు.

ముందు బట్టల తాళ్ళు పోయాయి. విళాత్తికుళం వైపు నుంచి మిరప కోతలయ్యాక జనం గదికి పదిమంది చొప్పున దిగుతారు, పొద్దంతా నీళ్ళలో ఆడి వస్తారు. ఆ తడిబట్టలు ఎక్కడ ఆరేసుకుంటారు? అందుకని ప్రతి బాల్కనీకీ మేమే తాడు కట్టాం. బయటికి బట్టలు కనిపిస్తే మార్కులు పోతాయని ఇసక్కిరాజా విప్పించాడు.

అసలు గొడవ తలుపులతో వచ్చింది. మా నడవల్లో ఐదు బరువైన తలుపులున్నాయి. మంటలొస్తే పొగని ఆపడానికి పెట్టినవి, వాటంతట అవే మూసుకుంటాయి. రెండేళ్ళుగా వాటి కింద మేము ఇటుకలు పెట్టి తెరిచే ఉంచుతున్నాం. షెడ్డులో మేము నేర్చిన పద్ధతి అది. లోపలికి వెళ్ళేముందు చెప్పులు విడవాలి, ఒంట్లో కరెంటు దిగిపోవడానికి గుమ్మం పక్కనున్న రాగిరేకు మీద అరచెయ్యి పెట్టాలి. గదికి నలుగురే ఉండాలి. రెండు తలుపులూ బార్లా తెరిచి ఉండాలి. మూసిన తలుపు చూస్తే మాకు ఊపిరాడదు. ఇసక్కిరాజా ఇటుకలు తీసేవాడు, మేము మళ్ళీ పెట్టేవాళ్ళం.

"అక్కా, ఇది తప్పనిసరి వరస," అన్నాడు కమిటీ వచ్చే ముందురోజు. "ఒక్క తలుపు కింద ఇటుక కనిపించినా స్టారు రాదు. నీ కాలు పట్టుకుంటా, తీయించు."

నాకు భయమల్లా మూక్కమ్మాళ్ అత్త గురించే. మా అందరిలో పెద్దది. తొమ్మిదేళ్ళ కింద ఆమె కూతురు ముత్తుసెల్వి షెడ్డు అంటుకున్నప్పుడు పోయింది. వెనక తలుపుకి అడ్డంగా ఎవరో మూటలు వేశారు. పిల్ల తలుపు దాకా వచ్చింది, తలుపు తెరుచుకోలేదు. నేను పక్క షెడ్డులోనే ఉన్నాను. అందుకే అత్తతో ఏమీ చెప్పలేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక ఐదు ఇటుకలూ తీసి దుప్పట్ల అలమారలో దాచాను.

మర్నాడు ముగ్గురు వచ్చారు. పెద్దాయన పేరు ప్రభాకరన్, హోటల్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మిగతా ఇద్దరూ స్విచ్‌లు నొక్కుతుంటే, ఆయన నేరుగా వెళ్ళి దుప్పట్ల అలమార తెరిచారు.

"ఈ ఇటుకలు దేనికమ్మా?" అని తమిళంలో అడిగారు.

"దుప్పట్లు ఎగిరిపోకుండా సార్," అన్నాను.

"అలమారలో గాలి వీస్తుందా?"

ఇసక్కిరాజా తల పట్టుకున్నాడు. నేను ఇటుకలు లెక్కపెట్టుకున్నాను. అలమారలో నాలుగే ఉన్నాయి.

అందరం పై అంతస్తుకి వెళ్ళేసరికి ఐదోది నడవ చివర తలుపు కింద ఉంది. పక్కనే మూక్కమ్మాళ్ అత్త కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"తియ్యి అత్తా. వాళ్ళు వచ్చేసినారు," అన్నాను మా మాటలో.

"తియ్యను. లోపల మన జోతి పిల్ల గది తుడస్తా ఉండాది. అది బయటికి రానీ, అప్పుడు మూసుకోండి."

"మన పదకొండు మంది పనీ పోతాది అత్తా!"

"పోనీ. పని పోతే ఇంగో పని. పిల్ల పోతే ఇంగో పిల్ల వస్తాదా?"

ప్రభాకరన్ గారు ఏమంటోందని అడిగారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనే అనుకున్నాను. కానీ నోరు తెరిచాక అంతా వచ్చేసింది. షెడ్డు, మూటలు, ముత్తుసెల్వి, అన్నీ చెప్పేశాను. ఆయన కలం జేబులో పెట్టుకుని అత్త పక్కన గొంతుక్కూర్చున్నారు.

"ఇటుక మీరే తీయండమ్మా. లోపలికి వెళ్ళి తలుపు పడనివ్వండి. తర్వాత ఒక్క చేత్తో తోయండి."

అత్త నా వంక చూసింది. "నేనూ వస్తాలే," అన్నాను. ఇద్దరం లోపలికి వెళ్ళాం. తలుపు మెల్లగా వచ్చి మూసుకుంది. అత్త నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగింది. రెండో చేత్తో తోసింది. తలుపు తెరుచుకుంది. మళ్ళీ మూసుకోనిచ్చి తోసింది. మూడోసారి నా చెయ్యి వదిలేసి తనే వెళ్ళి వచ్చింది.

"దీనికి గడియ ఉండదు," అన్నారాయన. "మంట ఆ పక్క ఆగిపోతుంది, మనిషి ఈ పక్కకి వచ్చేస్తాడు. ముందు గానీ వెనక గానీ ఏ వస్తువూ పెట్టకూడదు. అదీ ఈ కాగితంలో రాసి ఉంది."

నాకు సిగ్గేసింది. నెల రోజులుగా నేను తిట్టిపోసిన కాగితమే ఇక్కడ నిజం చెప్పింది. రెండేళ్ళుగా ఇటుకలు పెట్టి, అందరి ప్రాణాల మీదికి తెస్తున్నది మేమే.

మూక్కమ్మాళ్ అత్త ఆ కాగితాల కట్ట వైపు చూసి అడిగింది. "ఈ కాయితం ఆ పొద్దు షెడ్డుకి ఏల రాలా?"

నేను తమిళంలో చెప్పాను.

"నాకు చూడమని హోటళ్ళే ఇచ్చారమ్మా," అన్నారు ప్రభాకరన్ గారు.

ఎలాగూ పని పోయినట్టేనని నాకు తెగింపు వచ్చింది. మెట్లు దిగుతూ అడిగేశాను. "తడిబట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి సార్, మీ లెక్క ప్రకారం?"

"దానికి వరస లేదమ్మా."

"కొలను దగ్గర కాపలా ఉండేవాళ్ళకి?"

"దానికీ లేదు."

"మరి మా పార్కులో మీరు చూసిందేంటి సార్?"

"గదులు," అన్నారాయన. అబద్ధం చెప్పలేదు, అందుకు సంతోషం.

నలభై రోజులకి కవరు వచ్చింది. మూడు స్టార్లు. ఐదో తలుపు దగ్గర అడ్డు ఉందని, పనివాళ్ళే తన ఎదుట తీశారని, మళ్ళీ పెట్టకుండా చూడాలని ప్రభాకరన్ గారు రాశారట. యజమాని మిఠాయి పంచి, మేము ఉంటామని తన నోటితోనే చెప్పారు. ఆ ఆదివారమే బాల్కనీ గోడ కన్నా కిందికి, బయటికి కనపడకుండా మళ్ళీ తాళ్ళు కట్టాం. ఇసక్కిరాజా చూసీ చూడనట్టు పోయాడు.

స్టార్ల ఇత్తడి పలకని గేటు దగ్గర బిగించారు. మూక్కమ్మాళ్ అత్త దాన్ని ఇంతవరకూ నిలబడి చూడలేదు. పొద్దున్నే వచ్చి చెప్పులు విడుస్తుంది. ఒక్కో తలుపు మీదా అరచెయ్యి పెట్టి తోసి చూస్తుంది. ఐదూ తెరుచుకున్నాకే చీపురు పట్టుకుంటుంది.