మూడో అంతస్తు

బార్కస్‌లో ఒక ఇంటి మూడో అంతస్తు డాబా మీద మొగులయ్య గొంతుక్కూర్చుని పాత ఏసీ మూత మరలు విప్పుతున్నాడు. కంప్రెసర్ కాలిపోయింది. గ్యాసు మాత్రం నిండుగా ఉంది. ఓజోన్ పొరను తినేస్తుందని సర్కారు ఏటేటా తగ్గిస్తూ వస్తున్న రకం అది. గాలిలోకి వదలకూడదు. మిషన్ పెట్టి సిలిండర్‌లోకి లాగాలి.

అరవై ఒకటో ఏట ట్రైనింగుకు వెళ్ళి మరీ ఆ పని నేర్చుకున్నాడు. పాఠం చెప్పిన కమల మేడం నలభై మంది ముందు అతణ్ణి నిలబెట్టి, "పెద్దాయనను చూసి నేర్చుకోండి" అంది. ఆ తర్వాతే అతను పనిచేసే సంతోష్‌నగర్ షాపుకు మిషన్ వచ్చింది.

అదిప్పుడు కింద మెట్ల దగ్గర ఉంది. సిలిండర్‌తో కలిపి ముప్పై కిలోలు. పొద్దున మొదటి మలుపు దాకా మోసేసరికి ఎడమ మోకాలు మడతపడింది. గోడ పట్టుకుని, ఎవరూ చూడలేదు కదా అని చూసుకుని, మళ్ళీ కిందికి దించేశాడు.

మొగులయ్య వాల్వు తిప్పాడు.

గ్యాసు సుయ్యిమంది. రాగి గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుంది. బట్టలు ఆరేయడానికి వచ్చిన ఆ ఇంటి అమ్మాయి, పదో తరగతి చదివే యుస్రా, బకెట్‌తో ఆగిపోయింది.

"ఏంది అంకుల్, గ్యాస్ వదుల్తున్నరా? వదలొద్దని మా సైన్సు బుక్కుల ఉంది."

"గ్యాస్ గాదు బేటీ. ఉత్త గాలి."

"అచ్ఛా! మీకు తెల్వదా ఏంది," అని నవ్వి, ఆ పిల్ల దుప్పటి దులిపింది.

అప్పుడైనా వాల్వు మూసేయవచ్చు. మూస్తే అబద్ధం బయటపడుతుంది. చప్పుడు ఆగేదాకా తల దించుకునే కూర్చున్నాడు.

మధ్యాహ్నం షాపులో షఫీఉద్దీన్ ఒంటిచేత్తో సిలిండర్ ఎత్తి చూశాడు. ఖాళీగా ఉంది. షాపు అతనిదే. ముప్పై ఏళ్ళ స్నేహం.

"వదిలేసినవా మొగులన్నా?"

"వదిలేసిన భాయ్. మిషన్ మోయలేకపోయిన. ఇదొక్కటే గాదు, ఇంకో మూడిండ్లల్ల గూడ గట్లనే చేసిన."

"ఒక్క మాట చెప్తే నేనొచ్చి ఇంకో దిక్కు పట్టకపోదునా?"

"చేతగాదని చెప్పనీకి సిగ్గయింది."

షఫీఉద్దీన్ తిట్టలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. మొగులయ్యకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మళ్ళీ బస్సెక్కి బార్కస్ వెళ్ళాడు.

తలుపు తీసింది యుస్రానే.

"బేటీ, పొద్దుగాల అది గాలి గాదు. గ్యాసే. నువ్వన్నదే నిజం."

"మరెందుకు వదిలిన్రు?"

చెయ్యి మోకాలి దాకా వెళ్ళింది. అది జవాబు కాదనిపించి వెనక్కి తీసుకున్నాడు.

"తప్పు చేసిన," అన్నాడు.

ఆ పిల్ల మంచినీళ్ళు తేనా అని అడిగింది. వద్దన్నాడు.

మరునాడు మొగులయ్య షాపుకు రాలేదు. మూడో రోజు షఫీఉద్దీన్ ఫోన్ చేస్తే అతని భార్య చంద్రమ్మ ఎత్తింది. "ఇగ రాడంట అన్నా. నీతోని చెప్పనీకి మొఖం చెల్లుతలేదంట," అంది.

షఫీఉద్దీన్ ఫోన్ పెట్టేసి పనిబల్ల వైపు చూశాడు. బల్ల చివర మొగులయ్య రెంచి ఉంది. పిడికి చుట్టిన పాత సైకిల్ ట్యూబు నాలుగు వేళ్ళ మేర నొక్కుకుపోయి, నున్నగా మెరుస్తోంది.