అమ్మ ఆపిన వరస

పళ్ల డాక్టర్లకి క్యాపులు చేసిచ్చే ల్యాబులో చిట్టి ఉద్యోగం. తల నెరుస్తున్నా ఇంట్లో అందరికీ ఆమె ఇంకా చిట్టే. పగలంతా ఎవరెవరివో పళ్లు అరగదీసి, సాయంత్రం వెండి మట్టి ముందేసుకుని కూర్చునేది. వెండి పొడిలో నీళ్లూ జిగురూ కలిపిన ముద్ద అది. పిండిలా ఎలా కావాలంటే అలా ఒత్తుకోవచ్చు. కొలిమిలో పెడితే జిగురంతా కాలిపోయి అచ్చమైన వెండి మిగులుతుంది. ఆ మట్టి చేతికి తగిలిన నాటి నుంచి ఆమెకి తిండి మీద ధ్యాస లేదు. తన పెళ్లాం మట్టి పిసుక్కుని బతుకుతోందని మొగుడు ఊరందరికీ చెప్పి నవ్వించేవాడు. చిట్టి కూడా నవ్వేది. ఇన్నేళ్లకి తనదంటూ ఒకటి దొరికిన మనిషికి ఆ మాత్రం ఎగతాళి ఒక లెక్కా?

ఊళ్లో ప్రదర్శన పెడుతున్నారంటే, మెడకి పెట్టుకునే నగ ఒకటి చేసి పంపాలనుకుంది. అక్క దగ్గర అమ్మ అల్లిన లేసు ముక్క ఉంది. అది అల్లుతూండగానే అమ్మ మంచాన పడి, మళ్లీ లేవలేదు. చివరి వరస సగంలో ఆగిపోయింది. అక్క దాన్ని బీరువాలో చీరల మధ్య దాచి, చూస్తామన్న వాళ్లని చేతులు కడుక్కుని రమ్మనేది. అలాంటిది చెల్లెలు అడగ్గానే తీసి ఇచ్చింది. మట్టి మీద అచ్చు వేసుకుని వెంటనే తెచ్చిస్తానంది చిట్టి.

అచ్చు వేసింది. చప్పగా వచ్చింది. మళ్లీ వేసింది, అదీ అంతే. దారం మెలికలు, మధ్యలో ఖాళీలు, అమ్మ బిగించి లాగే అలవాటు, ఏవీ మట్టిలోకి దిగలేదు. ఇంకో పద్ధతి ఉందని చిట్టికి తెలుసు. మట్టిని నీళ్లతో పలచన చేసి, కుంచెతో లేసుకే పూత మీద పూత పూసి కొలిమిలో పెట్టాలి. లోపలి దారం కాలిపోయి దాని ఆకారంలో వెండి నిలుస్తుంది. కొట్లో దొరికే లేసు తెచ్చి చేయొచ్చుగా అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, పోయింది. ఆమె కుంచె ముంచింది.

ప్రదర్శనలో జనం ఆ నగ దగ్గర నుంచి కదలలేదు. కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిన అక్క, అది తమ అమ్మ చేతి అల్లికనీ, చెల్లెలు దాని అచ్చు తీసిందనీ ముక్కూ మొహం తెలియని వాళ్లకి కూడా చెప్పుకుంది. చిట్టి తల వంచుకుని గాజుపెట్టె తుడిచింది. తుడిచిందే తుడిచింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. పొగిడిన వాళ్లని చూస్తే ఏడుపొచ్చింది.

జనం పలచబడ్డాక, కూతురు అవతలి బల్లల వైపు వెళ్లినప్పుడు, అక్క లేసు సంగతి ఎత్తింది. పిల్ల అల్లిక నేర్చుకుందట. అమ్మమ్మ ఆపిన దగ్గర నుంచి ఆ వరస తనే పూర్తి చేస్తానంటోందట. అదే రంగు దారం కోసం తల్లీకూతుళ్లు కొట్లన్నీ గాలించారట.

చిట్టి చూపు నగ మీదికి పోయింది. అక్క కూడా అటే చూసింది, ఈసారి దగ్గరగా వంగి. దారానికీ దారానికీ మధ్య ఖాళీలోంచి కింద పరిచిన గుడ్డ కనబడుతోంది.

"ఇది అచ్చు కాదు కదే."

"కాదక్కా. లేసు లేదు. కాలిపోయింది."

అక్క గాజుపెట్టె అంచు పట్టుకుని నిలబడిపోయింది. మెల్లిగా అడిగింది.

"అచ్చు వేస్తుంటే మట్టి అతుక్కుపోయిందా? విడదియ్యడం కుదర్లేదా?"

కాదని చెప్పాలి. తెలిసే చేశానని చెప్పాలి. పూత పూస్తున్నంతసేపూ ఒళ్లు తెలియని సంతోషంలో ఉన్నానని, కొలిమి తలుపు తీసి వెండిని చూసినప్పుడు అమ్మ గుర్తే రాలేదని చెప్పాలి. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"అతుక్కుపోయిందక్కా," అంది.

అక్క కళ్లు తుడుచుకుంది. పిల్లకి తను సర్దిచెబుతానంది. ఇంత బాధ కడుపులో పెట్టుకుని ఒక్కదానివే ఎలా తిరిగావే అని చెల్లెల్ని దగ్గరికి తీసుకుంది. అంతలో ఏదో తోచినట్టు ఆగింది.

"కొలిమిలోంచి లాగబోయి చేతులు కాల్చుకోలేదు కదా?"

చెల్లెలి చేతులు రెండూ వెలుతురులోకి లాగి, వేళ్లు ఒక్కొక్కటే తిప్పి చూసింది. చిట్టి చూడనిచ్చింది.