క్యారిక్ పంపకం

షాలెం ఉద్యోగం వెబ్‌సైట్లు కట్టడం. ఈసారి తగిలిన క్లయింట్లు ఆక్లాండ్‌లో స్థిరపడిన స్కాట్లాండ్ సంతతి పెద్దలు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి తమ పూర్వీకుల వంశవృక్షం ఫోన్లో కొమ్మలు విప్పుకోవాలని వాళ్ల ముచ్చట. ఒక్కొక్క ఎర్ల్, అంటే సీమ ప్రభువు, పేరు కిందా వారసుడికని ఒక గడి పెట్టి పంపింది. నైల్ అనే ఆయన దగ్గర ఒక గడి చాలదు, రెండు కావాలని తిప్పి పంపారు. ఎందుకో చదివాక ఆమెకు ఒళ్లు మండింది.

ఆ మంట శుక్రవారం భోజనాల దగ్గర బయటపడింది. దానికి కారణం నైల్ ఒక్కడే కాదు.

షాలెం తండ్రి రత్నరాజు పాస్టరు. కేర్ హోమ్‌లో పనిచేస్తూ, ఇంటి లాంజ్‌లో నలుగురితో మొదలుపెట్టిన తెలుగు సంఘాన్ని ఆక్లాండ్‌లోనే మౌంట్ ఆల్బర్ట్ పేటలో ఒక పాత చెక్క మందిరం కొనేదాకా తెచ్చాడు. ఆ తర్వాత స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి, నాలుక మొద్దుబారాయి. ఆయన మాట ఇప్పుడు షాలెంకి తప్ప ఎవరికీ అర్థం కాదు, భార్య శిరోమణికి కూడా. ఆదివారం ఆయన కుర్చీలో కూర్చుని ఒక వాక్యం అంటాడు, పక్కన నిలబడి షాలెం దాన్ని మైకులో చెబుతుంది. మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పేది. ఆయన తొందరగా అలసిపోవడంతో మూడు ముక్కలని ముప్పై చేయడం నేర్చుకుంది. "అయ్యగారి వాక్యం ఈ మధ్య పదునెక్కింది" అని సంఘం మెచ్చుకునేది. అయ్యగారు నవ్వేవాడు.

ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షారసం ఇవ్వడానికి మాత్రం ఆడపిల్ల పనికిరాదు. అందుకు నెలకోసారి టౌరంగా నుంచి పెదనాన్న కొడుకు జయపాల్ దిగేవాడు. అక్కడ కివీ పండ్ల ప్యాక్‌హౌస్‌లో సూపర్‌వైజర్. రత్నరాజు బాధ్యత దించుకుంటూ వచ్చే ఆదివారం ఎవరి తలమీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తే వాళ్లే ఇకమీదట కాపరి. ఆ చెయ్యి తన తలమీద పడాలని షాలెం నోరు తెరిచి అడగలేదు. అడగకుండానే తెలియాలని పంతం. అందుకే నైల్ కథని భోజనానికి పిలిచింది.

"క్యారిక్ అని స్కాట్లాండ్‌కి నైరుతి మూల ఒక సీమ డాడీ. గేలిక్ భాష మాట్లాడే వాళ్లది. దాని ఎర్ల్ నైల్‌కి అందరూ కూతుళ్లే. పోయేముందు ఏం చేశాడో తెలుసా? కోట, భూములు, బిరుదు పెద్దకూతురు మార్జరీకి ఇచ్చాడు. వంశానికి పెద్దరికం, పిలిస్తే కత్తులు పట్టుకుని వచ్చే జనం, అదంతా లాక్లన్ అని ఒక మగ బంధువుకి. అన్నదమ్ముల బిడ్డేనంటారు."

"భూములొచ్చాయిగా. ఇంకేం కావాలంట ఆవిడకి?" అంది శిరోమణి, చేపముక్కలో ముళ్లు తీసి భర్త కంచంలో పెడుతూ.

"మనుషులు, మమ్మీ."

"మనుషులేం చేసుకుంటుంది?"

"లాక్లన్ ఏం చేసుకున్నాడో అదే. పైగా ఆ కోట కూడా ఎన్నాళ్లుంది? తనకి చెప్పకుండా రెండో పెళ్లి చేసుకుందని రాజు లాగేసుకున్నాడు. జరిమానా కట్టి తెచ్చుకుంది."

రత్నరాజు ఎడమచేతిలో చెంచా ఆగింది. ఆయన ఏదో అన్నాడు. లాక్లన్‌కి ఇచ్చింది నిలబడిందా అని.

"నిలబడకేం? తర్వాత రాజు కూడా సరేనని ముద్ర వేశాడు."

"తెలివైనోడమ్మా" అన్నాడు రత్నరాజు.

షాలెం నవ్వింది. తండ్రి వెటకారం ఆడాడనుకుంది. ఆయన నవ్వలేదు, చెంచా పక్కన పెట్టేశాడు.

ఆదివారం జయపాల్ కొత్త సూట్లో వచ్చాడు.

"వందనాలు బాబాయ్. ఏం చెల్లీ, ఆ మైకు సౌండ్ కొంచెం తగ్గించు. నా గొంతు అసలే పెద్దది."

"గొంతు ఒకటే పెద్దదైతే ఎలా అన్నయ్యా" అంది షాలెం. తగ్గించింది.

పాటలయ్యాక రత్నరాజు మొదలుపెట్టాడు. ఈ మందిరం, దీని ట్రస్టు, నా కూతురు షాలెం చేతిలో పెడుతున్నాను. ఆమె చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మంగాదేవి ఆంటీ ముసుగు సర్దుకుని కళ్లు తుడుచుకుంది. తర్వాతి వాక్యం తండ్రి నోట్లోంచి రావడం షాలెం చూసింది. మంద మాత్రం జయపాల్ చేతిలో.

ఆ ముక్క హాల్లో ఆమె ఒక్కదానికే తెలుసు. జయపాల్ కూడా ఆమె నోటివంకే చూస్తున్నాడు. ఇంకో పేరు చెప్పొచ్చు. కానీ చెయ్యి ఎటు వెళుతుందో అందరూ చూస్తారు. పైగా ఈ పంపకం ఆయనకి నేర్పింది ఎవరు? అన్నంలో కలిపి తనే పెట్టింది.

"మంద మాత్రం జయపాల్ చేతిలో" అంది.

జయపాల్ వచ్చి మోకరించాడు. తండ్రి ఎడమచెయ్యి అతని జుట్టు మీద వాలింది. ప్రార్థన మొత్తం షాలెమే మైకులో చెప్పింది, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా. బాగా చెప్పింది. వెనక ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు కూడా.

టీల దగ్గర మంగాదేవి ఆంటీ జయపాల్‌తో "వందనాలు అయ్యగారూ" అని, ఇటు తిరిగి గొంతు తగ్గించింది. "అమ్మా షాలెం, వెనక బాత్రూంలో ఫ్లష్ పనిచెయ్యట్లేదు. ఇప్పుడు నీదేగా."

"నాదే ఆంటీ. చూస్తాను."

జయపాల్ కప్పు పట్టుకుని వచ్చాడు. "ఇక నువ్వు పక్కన నిలబడే శ్రమ కూడా లేదు చెల్లీ. వాక్యం నేను చూసుకుంటా. బాబాయ్‌ని రెస్ట్ తీసుకోనీ."

పక్క కుర్చీలో రత్నరాజు తల పైకెత్తాడు. తాను పంచింది కూతురి వాటా ఒక్కటే అనుకున్నాడు పాపం, దాంతోపాటే తన గొంతూ పోయింది. ఏదో అనబోయాడు. జయపాల్ ఆయన భుజం తట్టి, ఎవరో పిలిస్తే అటు వెళ్లిపోయాడు.

తిరుగుదారిలో షాలెం డ్రైవ్ చేస్తోంది. పక్క సీట్లో తండ్రి నోరు మెదిపాడు. నీకు అన్యాయం చేశానా అమ్మా. ప్రతి అక్షరం ఆమెకు గాజుముక్కలా స్పష్టంగా వినపడింది.

"అర్థం కాలేదు డాడీ" అంది రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

ఆయన మళ్లీ అన్నాడు, ఇంకా నెమ్మదిగా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ.

"ఏమంటున్నారే?" అంది శిరోమణి వెనకనుంచి.

"ఏమో మమ్మీ" అంది షాలెం.