నా రక్తం కూడా

రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. ఉన్నట్టుండి మగ్గం చప్పుడు ఆగింది. తలెత్తి చూస్తే మా ఆయన మహానంది చేతిలోంచి పోగు నడిపే నాడె జారి కింద పడి ఉంది. ఆయన నోరు ఒక పక్కకు లాగింది. "రుద్రమ్మా" అని పిలవబోయాడు, మాట ముద్దగా వచ్చింది. నేను నీళ్లు తెచ్చేలోపే నోరు సర్దుకుంది, వాలిపోయిన చెయ్యి లేచింది.

"ఏం కాలేదు. కండె ఇయ్యి" అన్నాడు.

మా అత్త మద్దమ్మ మాత్రం ఊరుకోలేదు. "బెల్లం దాస్తావు, అన్నం కొలిసి పెడతావు. నా కొడుకును ఎండగట్టి సంపుతాండావు."

ఆయనకు చక్కెర జబ్బని తెలిసినప్పటి నుంచి ఆ ఇంట్లో రెండు వంటలు నావే. ఆయనకు కొర్రన్నం, మిగిలినవాళ్లకు వరన్నం. ఆయన మాత్రలు, ఆయన పథ్యం, ఆయన కోపం, అన్నీ నేనే మోశాను. పెళ్లి భోజనంలో ఆయన విస్తట్లోంచి లడ్డు తీసిందీ నేనే, అందరిముందూ గయ్యాళి అనిపించుకున్నదీ నేనే. నా నోరు ఎండిపోవడం, ఎన్ని నీళ్లు తాగినా తీరని దప్పిక, సాయంత్రానికి మొద్దుబారే కాళ్లు, ఇవన్నీ పని చేసే ఆడదానికి ఉండేవే అనుకున్నాను.

మరునాడు ఎమ్మిగనూరు నుంచి ఆదోని బస్సెక్కాం. డాక్టరమ్మ రాధాబాయి ఆయన రక్తాన్ని గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది.

"దెబ్బ తగిలితే రక్తం ఆపడానికి వచ్చే కణాలుంటాయి. ప్లేట్‌లెట్లంటారు. చక్కెర అదుపు తప్పితే ఇవి ఉబ్బి పెద్దవవుతాయి. గాయం లేకపోయినా ఒకదానికొకటి అంటుకుంటాయి. అట్లా గడ్డకడితే మెదడుకో, గుండెకో, కాలికో రక్తం పోదు. నిన్న మీకు జరిగింది హెచ్చరిక."

గంజి ఎక్కువైన మగ్గం పడుగు కళ్ల ముందు కదిలింది. పోగులు ఒకదానికొకటి అతుక్కుని ఎక్కడ తెగుతాయో తెలియదు.

ఆమె మందులు రాస్తూ నేల వంక చూసి ఆగిపోయింది. నా చెప్పు కింద రక్తం. అరికాల్లో మేకు దిగి ఉంది.

"నొప్పి లేదా నీకు?"

"తెలీలేదమ్మా."

ఆమె మేకు తీసి కట్టు కట్టి, నా వేలు కూడా పొడిచి రక్తం తీసింది. మా ఆయన నవ్వాడు. "ఆయమ్మకేముంటాదమ్మా? దినమంతా పనే కదా. చక్కెర యాడ నిలుస్తాది?"

ఆమె నా రక్తంలో చక్కెర కొలిచింది. పలక మీద నా రక్తం చూసి, ఆయనది మళ్లీ చూసి, నా వైపు తిరిగింది. "చక్కెర ఆయన కంటే నీకే ఎక్కువ. ఈ కణాలూ ఆయనవాటి కంటే పెద్దగా, గుంపులుగా ఉన్నాయి. నీకూ మాత్రలు రాస్తున్నా, వేసుకున్న అరగంటలో తినాలి. కాలికి కట్టు మార్చడానికి మళ్లీ రా. ఆలస్యం చేస్తే కాలే తీసేయాల్సి వస్తుందమ్మా."

బస్సులో ఆయన ఒక్క మాటే అన్నాడు. "మళ్లీ వస్తే కండెలెవరు సుడతారు?"

మళ్లీ వెళ్లలేదు. మా ఇంట్లో ఆడవాళ్లు అందరి తర్వాతే తింటారు. ఒకనాడు మాత్ర మింగి, ఆయనకు పెట్టి, అత్తకు పెట్టి, అంట్లు తోముతుండగా ఒళ్లంతా చెమట పట్టి వణికింది. గోడ పట్టుకుని కూలబడ్డాను. "పని ఎగ్గొట్టేకి నాటకాలు" అంది అత్త. పొయ్యి పక్కనున్న రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే కాసేపటికి చూపు నిలిచింది. ఆ ముక్క తినకపోతే చచ్చిపోయేదాన్నని అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున కట్టు విప్పాను. పుండు మానలేదు. బొటనవేలు చల్లగా ఉంది, గోరు చుట్టూ నలుపు తిరిగింది. గిల్లాను. తెలియలేదు.

మాత్ర మింగి, రొట్టెలు కాల్చి, గంప కింద పెట్టి, నా పళ్లెంలో వేసుకుని కూర్చున్నాను. మా ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

"ఏమే, నువ్వు ముందు తింటాండావా?"

"ఊ."

"మరి నాకెవరు పెడతారు?"

"గంప కిందుండాయి. పెట్టుకోపా."

అత్త శాపనార్థాలు మొదలుపెట్టింది. నేను నెమ్మదిగా నమిలాను. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో వేడి రొట్టె తినడం అదే మొదటిసారి. చెయ్యి కడుక్కుని, కాలికి గుడ్డ చుట్టుకుని బస్టాండు వైపు నడిచాను. వెనక మగ్గం ఆగి ఉంది.

"యాడికి పోతాండావు? ఎప్పుడొస్తావు?" అని వాకిట్లోంచి ఆయన అరిచాడు.

వేలు పోతుందో కాలు పోతుందో నాకే తెలియదు. వెనక్కి చూడకుండా అన్నాను, "నా రక్తం సూపించుకునేకి పోతాండా."