ఇరవై రెండు డిగ్రీల చెమట

కామేశ్వరరావుకి చెమట పట్టింది.

ఖతార్‌లో జూలై నెలలో చెమట పట్టడం వార్త కాదు, పట్టకపోతే వార్త. కానీ ఆయన ఉన్నది ఎండలో కాదు, కారులో. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. ఏసీ ఆటోలో ఉంది. కారుని ఆటో ఎక్కించిన కాలం ఇది! ఎదురుగా 22 అన్న అంకె నీలంగా, నిశ్చింతగా వెలుగుతోంది. ఇరవై రెండు డిగ్రీల్లో మనిషికి చెమటెందుకు పడుతుంది?

గుండెపోటుకి పడుతుంది.

ఆ మాట తట్టగానే గుండె దడదడలాడింది. ఆఫీసులో పక్క బల్ల నగేష్‌కి పోయిన నెల అల్ హిలాల్ సిగ్నల్ దగ్గర ఇలాగే అయింది. ముందు చెమటలు పట్టాయట. తర్వాత ఎడమ చెయ్యి లాగిందట. ఆ తర్వాత హారన్ మీద తల వాల్చాడట. పచ్చలైటు పడింది, మళ్ళీ ఎర్రలైటు పడింది, హారన్ మాత్రం మోగుతూనే ఉందట.

కామేశ్వరరావు తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. లాగుతోందా? లాగుతోంది! స్టీరింగ్‌ని పీక పిసికినట్టు పట్టుకుంటే ఎవరి చెయ్యయినా లాగుతుంది. భయం పట్టినవాడికి ఆ సంగతి చెప్పేదెవరు?

పక్కన సీతాలక్ష్మి చెంగుతో విసురుకుంటోంది. అది రోజూ ఉండేదే. యాభై దాటాక ఆవిడకి వేళాపాళా లేకుండా ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి. ఇంట్లో ఏసీకి ఆయన దుప్పటి కప్పుకుంటే ఆవిడ విసనకర్ర పట్టుకుంటుంది. పెళ్ళైన కొత్తలో శీతలక్ష్మీ అని పిలిచిన ఆయనే ఈమధ్య ఉష్ణలక్ష్మిగా ప్రమోషన్ ఇచ్చాడు. కాబట్టి ఆవిడ చెమట సాక్ష్యానికి పనికిరాదు. పనికిరాదనే ఆవిడా అనుకుంటోంది.

"ఏమండీ, అలా ఉన్నారేం?"

"ఎలా ఉన్నాను?"

"కారిపోతున్నారు."

"కారులో కారక ఇంకెక్కడ కారతాం?"

జోకైతే వేశాడు గానీ గొంతు వణికింది. ఇన్నేళ్ళ కాపురంలో జోకు మధ్యలో ఆయన గొంతు వణకడం ఆవిడ వినలేదు.

"బండి పక్కకి తీయండి."

"ఏం లేదు సీతా..."

"ముందు తీయండి!"

తీశాడు. ఇండికేటర్ దీపాలు టిక్కుటిక్కుమంటున్నాయి.

"మనీష్‌కి ఫోన్ చెయ్యి. నన్ను హైదరాబాద్ తీసుకెళ్ళమను. ఈ దేశానికి సీట్లో కూర్చుని వచ్చాను సీతా... సామానుగా వెళ్ళాలనుంటే ఏం చేస్తాం."

"నోరు మూసుకోండి!" అంది, ఏడుపు మింగుతూ. కొడుక్కి ఫోన్ చేద్దామని సంచిలో చెయ్యి పెట్టింది. చెయ్యి జిడ్డుగా పైకొచ్చింది. అల్ ఘర్రాఫాలో ఉండే తన స్నేహితురాలు శ్రీలేఖ వాళ్ళకని పట్టుకెళ్తున్న నెయ్యి సీసా కారింది. బయల్దేరేటప్పుడు చెంచా దిగనంత గడ్డగా ఉన్న నెయ్యి, ఇప్పుడు నీళ్ళలా ఊగుతోంది.

"ఏమండీ, నెయ్యి కరిగింది."

"నేను పోతుంటే నెయ్యి గోలేమిటే!"

"నా చెమటంటే వయసు. మీదంటే గుండె. దీనికేం రోగం? ఇరవై రెండులో నెయ్యి కరుగుతుందా?"

కామేశ్వరరావు చూపు ఆ నీలం అంకె మీదికి మళ్ళింది. గ్యాస్ ప్లాంటులో సెన్సర్లు చూసుకోవడమే ఆయన ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన చెప్పే మొదటి పాఠం ఒకటే: తెర మీద అంకె మనం అడిగిందా, అక్కడ ఉన్నదా, అది చూడు. ఇరవై రెండు ఆయన అడిగింది. కారు ఇచ్చిందని ఎవరన్నారు?

అంకెని అట్టడుక్కి దించాడు. ఆ అడుగున సెన్సర్ మాట కారు వినదు. చల్లగాలి ముఖం మీదికి దూకింది. మళ్ళీ ఇరవై రెండుకి తెచ్చాడు. కాసేపటికి గాడిద ఊపిరిలా వెచ్చగా తగిలింది. మళ్ళీ అడుక్కి దించితే మళ్ళీ చల్లన. కంప్రెసర్ బాగుంది, గ్యాస్ బాగుంది. సెన్సర్‌కే సెన్సు పోయింది!

స్టీరింగ్ పక్కన చిన్న జాలీ ఉంటుంది. కారులోని గాలిని పీల్చి వేడి కొలిచే ముక్కు అది. వంగి చూశాడు. అంతా పసుపు! ఏటా దసరా వాహనపూజకి, కారు నుదురు అదేనన్నట్టు, ఆయనే స్వహస్తాలతో ముద్దగా పెట్టిన బొట్టు. ఏడాదికో పొర. గాలి అందక, వెనకనున్న ఏసీ గొట్టం చలే లోకమంతా అనుకుని, ఆ సెన్సర్ వేడి కావాలని వేడుకుంటోంది. కారు పాపం ఇస్తోంది.

సీతాలక్ష్మి జాకెట్టు పిన్నీసు తీసి ఇచ్చింది. ఆయన పసుపు పెళ్ళలు ఒక్కొక్కటే గీకాడు. ఈలోగా చెమట ఆరిపోయింది. నవ్వబోతే కళ్ళు నిండాయి.

"దిగండి. నేను నడుపుతాను. ముందు ఆస్పత్రి."

"సెన్సరని తేలిందిగా!"

"కారు సంగతి తేలింది. మీ సంగతి తేలాలి."

ఆవిడ లైసెన్సు తీసుకున్నాక తాముండే అల్ వుకైర్ దాటి బండి నడిపింది లేదు. కామేశ్వరరావు దిగి, అటు తిరిగి వెళ్ళి కూర్చున్నాడు. పక్కనుంచి ట్రాలీ లారీ ఒకటి కారుని ఊపేస్తూ పోయింది.

"సీతా, అద్దం చూసుకో!"

"మీరు మీ చెయ్యి చూసుకోండి."

ఆయన ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు పెట్టుకున్నాడు. ఆవిడ రోడ్డెక్కింది. వేళ్ళ కింద నాడి గబగబా, గట్టిగా కొట్టుకుంటోంది.